ఎడమ వైపు అంచు

తుమ్ము వస్తే మామూలు మనిషి తుమ్మి ఊరుకుంటాడు. మాస్టరు మాత్రం టేపు మెడలో వేసుకుని, రెండు చేతులతో కటింగ్ బల్ల గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, దానికోసం కాచుకునేవాడు. కొలతలకని ఎదురుగా నిలబడ్డ మనిషి చేతులు చాచి అలాగే ఉండిపోవాలి. తుమ్ము వచ్చి పోయాక మాస్టరు కాసేపు ఊపిరి బిగబట్టి, నడుము ఇంకా తన ఒంటికే ఉందని రూఢి చేసుకుని, "ఆఁ, ఛాతీ ముప్పై ఎనిమిదిన్నర" అనేవాడు. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. పాతవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. ముప్పై నాలుగేళ్లుగా ఇదే తంతు.

ఆ నడుము సంగతి చెప్పాలంటే ఓ వాగు దగ్గరికి వెళ్లాలి. సైన్యంలో ఆయన తుపాకీ పట్టిన రోజులకన్నా ఇనుము మోసిన రోజులే ఎక్కువ. వంతెనలు కట్టే దళం ఆయనది. ఇనప చట్రాలు మోసుకొచ్చి, ఒకదానికొకటి తగిలించి, పూట తిరక్కుండా అవతలి గట్టుకి దారి వెయ్యాలి. ఒక్కో చట్రానికి ఆరుగురు మనుషులు. ఆ రోజు వాన. కాళ్ల కింద జారుడు బురద. ముందున్నవాడు జారిపడ్డాడు, పక్కనున్నవాడు బెదిరిపోయి చెయ్యి వదిలేశాడు. ఇరవై నాలుగేళ్ల మన మాస్టరు వదల్లేదు. వదిలితే ఆ ఇనుమంతా కిందపడ్డవాడి కాళ్ల మీద పడుతుంది మరి. ఇద్దరి బరువూ తన నడుముకెత్తుకున్నాడు. లోపల ఏదో పుటుక్కుమంది. పతకం లేదు, పాడూ లేదు. ఆ చుట్టుపక్కల శత్రువన్నవాడే లేడాయె, పతకం ఎవరిస్తారు?

ఆరు నెలలు మంచం మీద ఉంచి, లేచాక తేలిక పని అని దళంలోని దర్జీల గదికి పంపారు. కత్తెర పట్టడం అక్కడే నేర్చుకున్నాడు. చేతిలో ఏదో గుణం ఉంది, పని ఇట్టే పట్టుబడింది. సైన్యం వదిలి వచ్చాక ఇంటి ముందు గదినే దుకాణం చేసుకున్నాడు. బల్ల కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి ఛాతీ ఎత్తుకి లేపాడు, వంగే పని లేకుండా. సుద్దముక్కని దారం కట్టి మెడలో వేసుకున్నాడు, కింద పడితే తీసే పని లేకుండా. పడిన గుండుసూదులకి ఓ కర్ర, దాని కొసకి అయస్కాంతం. లోకమంతా తన ఛాతీకీ చేతికీ మధ్యనే ఉండాలి. అంతకన్నా కిందిదంతా భార్య వంతు. ఆయన బూట్లు తొడిగేది ఆవిడే. చొక్కాలకి కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది కూడా ఆవిడే. పిల్లల్లేరు. ఉన్నది ఆ ఇద్దరూ, కిటికీ పక్కన ఓ కుట్టుమిషనూ.

ఇక ముఖ్యమైన సంగతి. దెబ్బ తగిలాక మనిషి ఎడమ పక్కకి ఒరిగిపోయాడు. సైన్యపు డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు: వంపు ఒక అంగుళం. పక్కకి ఒరిగిన మనిషికి మామూలు చొక్కా తొడిగితే ఎడమ అంచు కిందికి దిగి, నిజం బయటపెట్టేస్తుంది. మాస్టరు ఊరుకుంటాడా? ఏటా తన చొక్కా తనే కత్తిరించుకునేవాడు, ఎడమ పక్క సరిగ్గా అంగుళం తక్కువ. భుజం కింద లోపల ఓ గుడ్డ పొర. వేసుకుని నిలబడితే బ్రహ్మాండం. ఎదురు కొట్లో కళ్లజోళ్లాయన, "మాస్టరూ, మీరు నిలబడితే గోడకి గడియారం పెట్టినట్టుంటుందండీ, ఎక్కడా వంకర లేదు" అనేవాడు. ఆ మాటకి మాస్టరు లోలోపల పొంగిపోయేవాడు. పొద్దున్నే పక్క మీంచి లేవడానికి కుడివైపు దొర్లి, గోడ పట్టుకుని, పళ్లు బిగించి ఎంత యాతన పడేవాడో ఆ కళ్లజోళ్లాయనకేం తెలుసు!

కొత్త చొక్కా వేసుకున్న ప్రతిసారీ అద్దం ముందు నిలబడి ఎడమ అంచూ కుడి అంచూ చూసుకునేవాడు. సమానంగా ఉంటే, "ఇదిగో, చూశావా? అదే అంగుళం. దమ్మిడీ పెరగలేదు" అని భార్యని పిలిచి మరీ చెప్పేవాడు. ఆవిడ "ఆఁ, చూశాను" అని లోపలికి వెళ్లిపోయేది.

యాభై ఎనిమిదో ఏట ఎడమ పాదం మొద్దుబారడం మొదలైంది. వీధిలో చెప్పు జారిపోతే, జారిందని తెలియక పది అడుగులు ఒంటి చెప్పుతో నడిచాడు. భార్య వెనకే వస్తూ ఆ చెప్పు ఏరి కాలికి తొడిగింది. "వెధవ చెప్పులు, పాతబడ్డాయి" అన్నాడు. కొత్త చెప్పులు కొన్నారు. అవీ జారాయి.

వీధి డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి, సూదితో గుచ్చి చూసి చెప్పాడు. "నడుములో నరం నొక్కుకుపోతోంది. ఆపరేషన్ చేస్తే పాదం దక్కుతుంది. కానీ పాత దెబ్బ, అందరూ చేసేది కాదు. మీ సైనికుల పెద్దాసుపత్రిలోనే చెయ్యాలి. ఆలస్యం చెయ్యకండి, నరం ఎండిపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు." పెద్దాసుపత్రి వాళ్లు ఊరికే చేర్చుకోరు. మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాలి. పాత దెబ్బ ముదిరిందని బోర్డు రాసిస్తేనే తలుపు తెరుస్తారు.

పాదం పోతే మాస్టరు పని పోయినట్టే. కూర్చుని కత్తిరించడం ఆయన నడుముకి పడదు. నిలబడాలి. రోజుకి ఏడెనిమిది గంటలు ఆ ఎత్తు బల్ల ముందు నిలబడాలి. నిలబడలేకపోతే ఆయన ఇంక ఎవరు? ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ వారమంతా కత్తెర కన్నా బల్లనే ఎక్కువ తడిమాడు.

బోర్డుకి వెళ్లేముందు రోజు బామ్మర్ది వచ్చాడు. సామాన్ల ఆటో నడుపుతాడు, నోరు దానికన్నా వేగంగా నడుస్తుంది.

"బావా, రేపు కాస్త నటించు. లోపలికి వెళ్లేటప్పుడే అమ్మా అబ్బా అను. ఒంగమంటే ఒంగకు. కుర్చీ పట్టుకో. నీకు రాకపోతే చెప్పు, నేను చేసి చూపిస్తా" అంటూ గదిలో అటూ ఇటూ కుంటుతూ తిరిగాడు. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

మాస్టరు నవ్వలేదు. "నేను డ్రామా కంపెనీ నుంచి రాలేదురా, సైన్యంలోంచి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు చెప్తా. లేనిది చెప్పను."

"సరే నాయనా, సత్యసంధుడివి! నీ ఇష్టం."

ఆ పూటే కొత్త చొక్కా కత్తిరించాడు. లేత నీలం గుడ్డ. పెద్దవాళ్ల ముందుకి వెళ్తూ నలిగిన బట్టలతో వెళ్లడం ఆయనకి చేతకాదు. మధ్యాహ్నం ఆయన నడుం వాల్చిన వేళ భార్య కిటికీ దగ్గర కూర్చుని అంచు కుట్టి పెట్టింది.

బోర్డు గది బయట నలభై మంది. కర్రలవాళ్లు, కట్లవాళ్లు, దగ్గేవాళ్లు. ఆడవాళ్లని బయట బల్లమీదే ఉండమన్నారు. తలుపు దగ్గర మనిషి సైన్యంలోని పాత నంబరు పెట్టి పిలిచాడు. ఎన్నేళ్లయిందో ఆ నంబరు విని! మాస్టరు కాళ్లు వాటంతట అవే దగ్గరికొచ్చాయి, గడ్డం పైకి లేచింది. నొప్పి నడుములోంచి మడమ దాకా సర్రున పాకింది. అయినా బాణంలా నడిచి వెళ్లి బల్లముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. చూడండి ఆ పాడు అలవాటు! ఇంట్లో నీళ్ల చెంబు వంగి తీసుకోలేని మనిషి.

డాక్టరు చిన్నవాడు. ముఖం నిండా అలసట. కాగితాలు తిరగేసి అడిగాడు. "పక్కకి వంపు ఒక అంగుళం అని ఉంది. ఇప్పుడు పెరిగిందా?"

"లేదు సార్" అన్నాడు మాస్టరు ఠకీమని. "నేను కటింగ్ మాస్టర్ని. ఏటా నా చొక్కా నేనే కత్తిరించుకుంటాను. ఇప్పటికీ అదే అంగుళం. ఇదిగో, ఈ చొక్కాయే సాక్ష్యం."

డాక్టరు తలెత్తి చూశాడు. అంచు సమానంగా ఉంది. మనిషి నిటారుగా ఉన్నాడు.

"కానీ ఎడమ పాదం మొద్దుబారుతోంది సార్. చెప్పు నిలవడం లేదు."

"వయసు వస్తోంది కదండీ. వెన్నుపూస అలాగే ఉంటే పాదం సంగతి వేరే కారణం అయ్యుంటుంది. బయట చూపించుకోండి."

మాస్టరు గుండీలు విప్పబోయాడు. డాక్టరు చేత్తో వద్దన్నాడు. "పర్లేదు, వేసుకోండి. బయట ఇంకా నలభై మంది ఉన్నారు." రాస్తూ రాస్తూ చిన్నగా నవ్వి, "చొక్కా మాత్రం అదిరింది" అన్నాడు. మార్పు లేదు అని రాశాడు.

బయటికొచ్చి మాస్టరు జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాడు. బామ్మర్ది నెత్తి కొట్టుకున్నాడు. "చొక్కా సాక్ష్యమా! నీ చొక్కాకి దండేసి దణ్ణం పెట్టాలి బావా!" భార్య మాత్రం బిత్తరపోయి చూసింది. "చొక్కా విప్పించలేదా? విప్పించి చూడలేదా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాడు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ తర్వాత ఆవిడ ముద్ద సరిగ్గా తినలేదు. తన మీద కోపమేమో అనుకున్నాడు మాస్టరు. నటించి ఉంటే పోయేది కదా అని ఆవిడకి ఉంటుంది మరి. ఆయనకీ మనసులో పీకుతూనే ఉంది. అయినా నిజం చెప్పాడాయె, నిజం చెప్పినందుకు ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలి?

పది రోజుల తర్వాత ఆ నీలం చొక్కా ఇస్త్రీ నుంచి వచ్చింది. ఎడమ అంచు దగ్గర దారం ఊడి వేలాడుతోంది. భార్య కూరలకని సందు చివరికి వెళ్లింది. తనే రెండు కుట్లు వేద్దామని బల్లమీద పరిచి, మడత విప్పాడు. విప్పి ఆగిపోయాడు. అంచు మడత అరంగుళం ఉండాలి. కుడివైపు అరంగుళమే ఉంది. ఎడమవైపు అంగుళం ముప్పావు.

టేపు మళ్లీ పెట్టాడు. అంగుళం ముప్పావే.

బీరువాలోంచి పాత చొక్కాలన్నీ తెచ్చి వరసగా పరిచాడు. పాతవి పారేసే అలవాటు ఆయనకి లేదు. ఒక్కోదాని ఎడమ అంచూ విప్పి కొలిచాడు. బాగా పాతవాటికి రెండు మడతలూ సమానమే. ఓ తొమ్మిదేళ్ల నాటిదానికి ఎడమ మడత పావంగుళం ఎక్కువ. ఇంకో రెండేళ్ల తర్వాతదానికి అరంగుళం. ఆ తర్వాతి వాటికి ముప్పావు, అంగుళం. పిల్లలు ఎదుగుతుంటే గోడ మీద గీతలు గీసినట్టు, తన వంపు ఎదిగిన లెక్కంతా చొక్కాల లోపల కుట్టి ఉంది. ఆయన కత్తిరించిన అంగుళానికి ఆవిడ దాచిన అంగుళంపావు కలిపితే రెండుంపావు. తన ఒంటి కొలత తనకి తెలియని కటింగ్ మాస్టరు ఈ లోకంలో ఇంకెవడైనా ఉంటాడా?

భార్య గుమ్మంలోకి వచ్చి ఆ చొక్కాలు చూసి, చేతి సంచీ అక్కడే వదిలేసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"తొమ్మిదేళ్లు."

"ఎందుకు చేశావ్?"

ఆవిడ గోడకి ఆనుకుంది. "ఆ ఏడు కొత్త చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నారు. అంచు కాస్త దిగింది. ఇది పెరుగుతోంది, ఇంక నా పని అయిపోయింది అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మీరు పడుకున్నప్పుడు ఆ అంచు విప్పి ఎత్తి కుట్టాను. లేచి వేసుకుని చూసుకున్నారు. నాదే పొరపాటు, బాగానే ఉంది అని నవ్వారు. ఎన్నాళ్లకో నవ్వారండీ. ఆ పూట రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. అంతే. మళ్లీ ఆ మొహం చూడలేక ఏటా అదే పని చేశాను."

"బోర్డుకి వెళ్లేముందైనా చెప్పకూడదూ?"

"చొక్కా విప్పించి చూస్తారనుకున్నాను. డాక్టర్లెవరైనా విప్పించే చూస్తారుగా! వాళ్లే చూసి రాస్తారు, మీకు నా నోటితో చెప్పే గతి తప్పుతుంది అనుకున్నాను." అని బావురుమని ఏడ్చేసింది. "మీ కాలు నేనే తీసేశానండీ. నా చేతులతో నేనే కుట్టేశాను."

మాస్టరు కత్తెర బల్లమీద దభీమని పెట్టాడు. కోపం వచ్చింది, ఎందుకు రాదు? తొమ్మిదేళ్లు అద్దం ముందు వెర్రివాడిలా మురిసిపోయాడు. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. సాయంత్రం బూట్లు విప్పడానికి ఆవిడ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే, ఎడమ బూటు విప్పేసిన సంగతి ఆయనకి తెలియలేదు. ఇంకా విప్పడం లేదేమిటని కిందికి చూశాడు. ఆవిడ ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ చేతుల వేడి ఆయనకి అందడం లేదు. అప్పుడు కోపం పోయింది. భయం వేసింది.

మర్నాడు బామ్మర్ది చేత బోర్డుకి అర్జీ రాయించారు, మళ్లీ చూడమని. తేదీ రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో మడమలో స్పర్శ పోయింది, వేళ్లలోనూ పోయింది, పాదం నేలమీద ఈడ్చుకుపోవడం మొదలైంది. మాస్టరు బల్లకి ఛాతీ ఆనించి, ఒంటికాలి మీద పూటకి రెండు చొక్కాలు కత్తిరించడమే గగనమైంది.

తేదీ వచ్చాక గుడ్డ పరిచి తనకో చొక్కా కత్తిరించుకున్నాడు. ఈసారి రెండు పక్కలూ సమానంగా, ఏ వంకరా లేని మనిషికి కత్తిరించినట్టు. భుజం కింద పొర లేదు. భార్యకిచ్చి, "అంచు అరంగుళం. రెండు వైపులా" అన్నాడు. ఆవిడ వేళ్లు ఎడమ వైపుకి రాగానే అలవాటుగా పైకి మడవబోయాయి. ఆగి, అరంగుళమే మడిచి కుట్టింది. కుట్టినంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆ చొక్కా వేసుకుని, మొదటిసారి వంపు దాచకుండా, మాస్టరు వీధిలోకి వెళ్లాడు. ఎడమ అంచు తొడ మీదికి వేలాడుతోంది. కళ్లజోళ్లాయన తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

ఈసారి బోర్డులో డాక్టరు ఓ పెద్దావిడ. చొక్కా విప్పించింది. వెన్నంతా వేళ్లతో తడిమి చూసింది, కొత్త ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టింది, పాదంలో సూది గుచ్చింది. మాస్టరు గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. సూది గుచ్చిన సంగతి ఆవిడ చెప్తే తెలిసింది.

"చాలా ముదిరిందండీ. రాసిస్తాను. కానీ ఆపరేషన్ వల్ల ఇప్పుడు లాభం లేదు. నరం ఎండిపోయింది. ఓ ఏడెనిమిది నెలల ముందు వచ్చి ఉంటే ఈ పాదం కచ్చితంగా దక్కేది."

"వచ్చాను మేడమ్" అన్నాడు మాస్టరు. "పెరగలేదని నేనే చెప్పాను."

ఆవిడ పాత కాగితం వెతికి చదివింది. కాలికి పట్టీకీ, చేతికర్రకీ చీటీ రాసిచ్చింది. మాస్టరు చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. తలుపు అవతల బల్లమీద భార్య కూర్చుని ఉందని తెలుసు. గుండీలు పెట్టుకోవడం అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు.

బయటికి రాగానే ఆవిడ లేచింది. రెండు చేతులూ నలుపుకుంటూ మొహంలోకి చూస్తోంది.

"పెద్ద డాక్టరమ్మ బాగా చూసింది" అన్నాడు. "ఆపరేషన్ అక్కర్లేదంది. ఈ నరం ఎప్పుడో నాలుగైదేళ్ల కిందటే చచ్చిపోయిందట. పోయినసారి వాళ్లు సరిగ్గా రాసినా ఒరిగేదేమీ లేదట. ఎవరు ఏం చేసినా ఈ పాదం దక్కేది కాదంది."

"నిజంగా అలా అన్నారా?"

"అటెన్షన్‌లో నిలబడి విన్నానే. లేనిది చెప్పడం నాకు చేతనవుతుందా?"

ఆవిడ బల్లమీద కూలబడి, ఏడు నెలలుగా బిగబట్టిన ఊపిరంతా వదిలి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. బామ్మర్ది బావ మొహంలోకి చూశాడు, బావ వాడి మొహంలోకి చూడలేదు. వాడు జన్మలో మొదటిసారి నోరు మూసుకుని ఆటో తియ్యడానికి వెళ్లాడు.

తర్వాత బల్ల కింద దిమ్మలు తీసేశారు. పెద్ద కత్తిరింపులు మానేసి, మాస్టరు వీపు ఎత్తున్న కుర్చీకి నడుం కట్టుకుని చిన్న చిన్న పనులు చేశాడు, అరగంట కూర్చుని అరగంట పడుకుంటూ. ఓ మధ్యాహ్నం మిగులు గుడ్డతో తనకో చొక్కా కత్తిరించుకున్నాడు. ఎడమ పక్క సరిగ్గా అంగుళం తక్కువ, ఎప్పటిలాగే. భార్య ఒళ్లో పెట్టి, "మిగతాది నీకు తెలుసుగా" అన్నాడు.

ఆవిడ చాలాసేపు చొక్కా చేత్తో పట్టుకుని కూర్చుంది. తర్వాత దారం ఎక్కించుకుని, ఆయన ఎదుటే ఎడమ అంచు వెడల్పుగా మడిచి కుట్టింది. కుట్టి, తొడిగి, చెయ్యి పట్టి అద్దం ముందుకి తీసుకెళ్లి నిలబెట్టింది. మాస్టరు కర్ర మీద ఆనుకుని ఎడమ అంచూ కుడి అంచూ చూసుకున్నాడు. రెండూ సమానంగా ఉన్నాయి. పక్కనున్న ఆవిడ అద్దంలో ఆయన మొహాన్నే చూస్తోంది.

"అదే అంగుళం" అని నవ్వి, ఆ పూట అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.